ఏడాదిన్నర బొగ్గు, ఏడువందల ఏళ్ల పట్టణం

1964 మార్చి 26న చెకొస్లొవేకియా ప్రభుత్వం 180వ నంబరు తీర్మానం చేసింది. మోస్ట్ అనే పట్టణాన్ని కూల్చేయాలి, దాని కింద ఉన్న బొగ్గు తీయాలి, జనాన్ని పక్కనే కడుతున్న కొత్త మోస్ట్‌కు తరలించాలి. సారం అంతే. కూల్చమన్నది నాలుగు గుడిసెల పల్లెను కాదు. 1273లోనే రాజుగారి నుంచి పట్టణ హక్కులు పొందిన ఊరు. అందులో చర్చిలు, మఠాలు, బీరు ఫ్యాక్టరీ, 1911లో కట్టిన నాటకశాల, పెద్ద చౌక్, ఆ చౌక్ చుట్టూ వందల ఏళ్ల ఇళ్లు ఉండేవి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి వీటిలో ఒక్క చర్చి తప్ప చెప్పుకోదగ్గదేదీ నిలవలేదు. ఆ చర్చి కూడా ఉన్నచోట మిగల్లేదు.

ఇంత పనికి ఆధారమైన లెక్క ఏమిటి? పాత పట్టణం కింద ఉన్న బొగ్గు ఒక అంచనా ప్రకారం 8.7 కోట్ల టన్నులు, మరో అంచనా ప్రకారం 10 కోట్ల టన్నులు. వినడానికి కొండంత అంకె. కానీ మోస్ట్ ఒక్కటే గని కాదు, ఉత్తర బొహీమియా బొగ్గు క్షేత్రంలో అదొక ముక్క. 1980ల మధ్యలో ఆ క్షేత్రం మొత్తం నుంచి ఏడాదికి 7 కోట్ల టన్నులకు పైగా తవ్వారు. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, 2023-24లో సింగరేణి గనులన్నీ కలిసి తీసిన బొగ్గు కూడా ఇంచుమించు అంతే. భాగహారం చేసి చూస్తే పాత మోస్ట్ కింద ఉన్నది ఆ క్షేత్రానికి పదిహేను, మహా అయితే పదిహేడు నెలల ఉత్పత్తి.

ఈ భాగహారంలో కొంత అన్యాయం ఉన్న మాటా నిజమే. ఓపెన్‌కాస్ట్ గని మధ్యలో ఒక ఊరిని అలాగే వదలాలంటే ఊరి కింది బొగ్గొక్కటే వదిలితే సరిపోదు. గట్లు జారిపోకుండా చుట్టూ మరికొంత బొగ్గును ముట్టుకోకుండా వదలాలి. గని గీత ఊరిని చుట్టి వంకర తిరగాలి. రోడ్లు, రైలు పట్టాలు, నది, కరెంటు లైన్లు అన్నీ అదే ఇరుకులో పోవాలి. కాబట్టి ఇంజినీర్ల దృష్టిలో ఆ పట్టణం విలువ పది కోట్ల టన్నుల కంటే ఎక్కువే. అయినా ఆ పదిహేడు నెలల లెక్కను పక్కన పెట్టుకునే మిగతా కథ చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే నిర్ణయం తీసుకున్నవాళ్లు చూపించింది పై అంకెనే తప్ప, దాన్ని దేనితో భాగించాలో చెప్పలేదు.

మోస్ట్ ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో, జర్మనీ సరిహద్దు కొండలైన క్రుష్నే హోరి పాదాల దగ్గర ఉంది. ఆ కొండల పొడవునా నేలలో గోధుమ రంగు బొగ్గు పరుచుకుని ఉంది. మన నైవేలీ లిగ్నైట్ జాతిదే. తేమ ఎక్కువ, వేడి తక్కువ, పైగా గంధకం. దూరం మోసుకుపోతే గిట్టుబాటు కాదు కాబట్టి తవ్విన చోటే కాల్చి కరెంటు తీస్తారు. నాణ్యతలో ఉన్న లోటును మందం పూడుస్తుంది. చాలాచోట్ల పొర 25 నుంచి 30 మీటర్లు. ఘనపు మీటరు బొగ్గు టన్నున్నర కూడా ఉండదు, 1.25 టన్నులు వేసుకుందాం. అప్పుడు వంద చదరపు మీటర్ల ఇంటి కింద మూడు వేల టన్నులు ఉన్నట్టు. ఒక గూడ్సు రైలుకు కాస్త తక్కువ. ఆ వీధుల్లో నడిచే ప్రణాళికా శాఖ అధికారికి ప్రతి గడప కిందా ఒక గూడ్సు బండి కనిపించిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తప్పంతా సోషలిజానిదే అనేస్తే కథ సులువైపోతుంది కానీ చరిత్ర అలా లేదు. 1870లో రైలు వచ్చాకే అక్కడ గనులు జోరందుకున్నాయి. అప్పటికి ఆ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉంది, గనులు ప్రైవేటు కంపెనీలవి. 1895 జూలై 19 రాత్రి పట్టణం అడుగున తవ్విన ఒక గనిలోకి నీళ్లతో కలిసిన ఇసుక విరుచుకుపడింది. పైన స్టేషన్ దగ్గరి వీధులు కుంగి, పదుల సంఖ్యలో ఇళ్లు గుంతల్లోకి దిగిపోయాయి. ఊరికీ బొగ్గుకూ పేచీ అప్పటి నుంచే ఉంది. తర్వాత నాజీలు ఆ బొగ్గు నుంచి పెట్రోలు తీసే భారీ కర్మాగారం మోస్ట్‌కూ లిట్వీనొవ్‌కూ మధ్య జాలుజీలో 1939లో మొదలుపెట్టారు, 1942లో నడిపించారు. యుద్ధం ముగిశాక దానికి స్టాలిన్ పేరు పెట్టారు. యజమాని మారాడు, బోర్డు మారింది, ఆకలి మారలేదు.

మారింది జనం. యుద్ధానికి ముందు మోస్ట్‌లో ఎక్కువమంది జర్మన్ మాట్లాడేవాళ్లు. వాళ్లు ఊరిని బ్రూక్స్ అనేవాళ్లు. 1945-47 మధ్య చెకొస్లొవేకియా నుంచి దాదాపు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టారు. మోస్ట్ సగం ఖాళీ అయింది. ఆ ఇళ్లలోకి దేశం నలుమూలల నుంచి గని పనికి వచ్చినవాళ్లు దిగారు. స్లొవేకియా నుంచి వచ్చిన రోమా కుటుంబాలూ వాళ్లలో ఉన్నాయి. తాతముత్తాతల సమాధులు ఆ ఊళ్లో ఉన్నవాళ్లు తక్కువ. ఇళ్లు కట్టినవాళ్లు లేరు, ఉంటున్నవాళ్లకు అవి సొంతం కావు, ఎటూ కూలిపోయే ఊరని మరమ్మతులూ ఆపేశారు. కప్పులు కారుతున్నా, గోడలు చెమ్మగిల్లుతున్నా పట్టించుకునేవాళ్లు లేరు. ఇలాంటి చోట ఎవరైనా వచ్చి వేడినీళ్లు, బాత్‌రూం, సెంట్రల్ హీటింగ్ ఉన్న ఫ్లాటు ఇస్తామంటే వద్దనేదెవరు? చెక్ చరిత్రకారుడు మాత్యెయ్ స్పుర్నీ మోస్ట్ మీద రాసిన పుస్తకంలో ఎత్తిచూపిన విషయం కూడా ఇలాంటిదే. కూల్చివేతకు స్థానికంగా మద్దతు ఉంది. దాన్ని పార్టీ పెద్దల నిరంకుశత్వం ఒక్కదానితో వివరించలేం. లెక్కల మీద, యంత్రాల మీద, కొత్తదనం మీద ఆ కాలానికి ఉన్న నమ్మకం అందులో సగం.

కొత్త మోస్ట్‌ను హ్నెవీన్ కొండకు దక్షిణాన, కింద బొగ్గు లేని నేల మీద కట్టారు. ప్రధాన వాస్తుశిల్పి వాత్స్లావ్ క్రెయ్‌చీ. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీట్ పలకలను లారీల్లో తెచ్చి, క్రేన్‌తో ఎత్తి, అక్కడికక్కడ అతికించిన అపార్టుమెంట్లు బారులు తీరాయి. వెడల్పాటి రోడ్లు, చెట్ల వరుసలు, గనులూ కర్మాగారాల మీదుగా లిట్వీనొవ్ దాకా ట్రామ్. నడిబొడ్డున గనుల సంస్థ కార్యాలయం ఇరవై అంతస్తులకు పైగా లేచింది. పక్కన సంస్కృతి భవనం, హోటలు, 1985లో తెరిచిన ఇవొ క్లిమెష్ రూపకల్పన చేసిన నాటకశాల. పట్టణాల్లో ఎత్తయిన కట్టడం ఎవరిదైతే పెత్తనం వాళ్లది అనుకుంటే, పాత మోస్ట్‌లో అది చర్చి, కొత్త మోస్ట్‌లో గనుల ఆఫీసు. 1991 జనాభా లెక్కల నాటికి పట్టణంలో 70 వేల మంది ఉన్నారు.

ఇటు కడుతుంటే అటు కూల్చారు. 1965లో మొదలైన కూల్చివేత 1980ల దాకా సాగింది. శిథిలమవుతున్న పట్టణం సినిమావాళ్ల కంటపడింది. 1969లో విడుదలైన హాలీవుడ్ యుద్ధచిత్రం ‘ది బ్రిడ్జ్ ఎట్ రెమాగెన్’లో కొన్ని దృశ్యాలు ఇక్కడే తీశారు. సెట్టు వేసి పేల్చాల్సిన అవసరం లేదు, నిజం వీధులే పేల్చుకోవచ్చు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు దేశంలోకి దిగడంతో షూటింగ్ అర్ధంతరంగా ఆగింది. సినిమా ట్యాంకులు ఉన్న దేశంలోకి అసలు ట్యాంకులు వచ్చిన అరుదైన సందర్భం అది. 1979 నాటి ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ టీవీ చిత్రానికీ మోస్ట్ శిథిలాలే మొదటి ప్రపంచయుద్ధపు ఫ్రెంచి ఊరుగా పనికొచ్చాయి.

ఇక ఆ ఒక్క చర్చి సంగతి. అంకెలను ప్రేమించేవాళ్లు కాసేపు ఆగి చూడాల్సింది ఇక్కడే.

1515లో పట్టణం తగలబడ్డాక, 1517లో మోక్షారోపణ మాత చర్చిని కొత్తగా కట్టడం మొదలైంది. నమూనా యాకోబ్ హైల్మన్‌ది. పొడవు సుమారు 60 మీటర్లు, వెడల్పు దాదాపు 30. లోపల పైకప్పును మోసే రాతి కమానులు తీగల్లా అల్లుకుని ఉంటాయి. ఆ కమానుల వల్లే అది గాథిక్ శైలి చివరి దశకు మంచి ఉదాహరణగా పేరు తెచ్చుకుంది. ఆ కమానుల వల్లే దాన్ని కదిలించడమూ కష్టం. మూల ఒక్కటి కొద్దిగా కుంగినా కప్పు బీటలిస్తుంది. విప్పి మళ్లీ కట్టడం సహా రకరకాల మార్గాలు ఆలోచించి, చివరికి ఉన్నదున్నట్టుగా పట్టాల మీద జరపాలని తేల్చారు.

దూరం 841.1 మీటర్లు. ముందు లోపలా బయటా ఉక్కు చట్రం బిగించారు. గోడల అడుగున కాంక్రీట్ పట్టీ పోసి, దాని కిందికి 53 బండ్లను చేర్చారు. చర్చి బరువు పది వేల టన్నులకు అటూ ఇటూ. బండికి దాదాపు 190 టన్నులు. ప్రతి బండికీ హైడ్రాలిక్ జాకీ ఉంది. నేల ఒకచోట లోతైతే అక్కడి జాకీ పైకి లేచి, మిట్ట వస్తే దిగి, పైనున్న కట్టడం ఎప్పుడూ సమంగా ఉండేలా కంప్యూటర్ చూసుకుంది. 1975 నాటి సంగతి ఇది. దారి తిన్నగా పోలేదు, వంపు తిరిగింది. పైగా వాలు. వెయ్యి మీటర్లకు 12.3 మీటర్ల చొప్పున, అంటే మొత్తం దారిలో పది మీటర్ల దిగుడు. కాబట్టి తోయడానికి ఎంత ఏర్పాటు ఉందో, పట్టి ఆపడానికీ అంత ఉండాల్సి వచ్చింది.

సెప్టెంబరు 30న కదిలిన చర్చి అక్టోబరు 27న ఆగింది. 646 గంటలు. సగటు వేగం నిమిషానికి 2.16 సెంటీమీటర్లు. పక్కన నిలబడి చూసేవాళ్లకు కదులుతోందని తెలియదు. ఏదైనా స్తంభాన్ని గుర్తుపెట్టుకుని, టీ తాగి వచ్చి చూస్తే తెలుస్తుంది. పట్టాల మీద కదిలించిన అతి బరువైన కట్టడంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. లోపలి పనులన్నీ పూర్తయి జనానికి తెరిచేసరికి 1988 వచ్చింది.

నాస్తిక ప్రభుత్వం చర్చి మీద ఇంత శ్రద్ధ పెట్టడమేమిటన్న ప్రశ్న సహజం. భక్తి కాదు. చుట్టూ ఉన్న మొత్తం పట్టణాన్ని నేలమట్టం చేస్తూ, ఒక్క కట్టడాన్ని ప్రపంచమంతా చూసేలా కాపాడటంలో ప్రచార లాభం ఉంది. ఇంజినీర్ల నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు, అది నిజంగా అబ్బురమే. కానీ చర్చిని మోసిన 53 బండ్ల ఫొటో పత్రికల్లో ఎంత తిరిగిందో, అదే సమయంలో కూలిన వీధుల ఫొటోలు అంత తిరగలేదు.

మోస్ట్‌ను విడిగా చూస్తే కథ తక్కువగా అర్థమవుతుంది. బొగ్గు కోసం ఆ కొండల పాదాల పొడవునా 80కి పైగా ఊళ్లను తుడిచేశారు, 90 వేల మంది దాకా ఇళ్లు మారారు. బీలినా నదికి నడిచే దారి లేకుండా పోయింది. తవ్వి పోసిన మట్టితోనే గనుల మధ్య పెద్ద కట్ట వేసి, దాని మీద రోడ్డు, రైలు నడిపి, నదిని గొట్టాల్లోకి ఎక్కించారు. నదికే దిక్కులేని చోట ఊరి సంగతి చెప్పేదేముంది.

కొత్త ఫ్లాట్ల కిటికీలు తెరిస్తే గాలి ఎలా ఉండేది? విద్యుత్ కేంద్రాలు, జాలుజీ కర్మాగారం, ఇళ్ల పొయ్యిలు అన్నీ గంధకం ఉన్న బొగ్గే కాల్చేవి. శీతాకాలంలో కొండల పాదాల దగ్గర చల్లగాలి కింద పేరుకుని, వెచ్చని గాలి మూతలా పైన కూర్చుంటుంది. పొగ బయటికి పోదు. రోజుల తరబడి అలాగే ఉండేది. బడి పిల్లలను టీచర్లతో సహా కొన్ని వారాలు దూరపు అడవుల్లోని వసతి గృహాలకు పంపేవాళ్లు. జనం ఊరు వదిలిపోకుండా ప్రభుత్వం ఏటా 2,000 క్రౌన్ల అదనపు భత్యం పెట్టింది. కాగితాల మీద దాని పేరు ‘స్థిరీకరణ భత్యం’. జనం పెట్టిన పేరు చావు ఖర్చులు. ఆ ఒక్క పేరులో ఉన్నంత నిక్కచ్చి లెక్క ప్రణాళికా శాఖ ఫైళ్లలో కూడా ఉండదేమో.

1989 నవంబరు 11న మోస్ట్‌కు దగ్గర్లోని టెప్లిత్సె పట్టణంలో జనం వీధుల్లోకి వచ్చారు. అడిగింది స్వేచ్ఛ కాదు, గాలి. ప్రాగ్‌లో ప్రభుత్వాన్ని పడగొట్టిన ఉద్యమం మొదలైంది ఆ తర్వాతి వారంలో. 1990లలో విద్యుత్ కేంద్రాల పొగ గొట్టాలకు గంధకాన్ని పట్టే యంత్రాలు బిగించారు. 1998 చివరికల్లా పెద్ద కేంద్రాలన్నింటిలో ఆ పని పూర్తయింది. గంధకం పొగ పదింట తొమ్మిది వంతులు తగ్గింది. అంటే ఊపిరికి కావాల్సిన యంత్రం ప్రపంచంలో ఉంది, పెట్టుబడి పెట్టాలన్న నిర్ణయమే అప్పటిదాకా లేదు.

కొత్త పట్టణంలో అందరికీ ఒకే రకం చోటు దొరకలేదు. పాత మోస్ట్ ఇళ్లలో ఉన్న రోమా కుటుంబాల్లో చాలామందిని పట్టణానికి బయట, పట్టాలకూ రోడ్లకూ అవతల ఖానొవ్ అనే కాలనీకి చేర్చారు. 1970లలో కట్టిన ఆ కాంక్రీట్ బ్లాకులు అప్పటి లెక్కల్లో ‘ఆదర్శ గృహవసతి’. కొద్దికాలానికే ఉద్యోగాలు లేని, బస్సు దిగితే వెలివేతలా ఉండే బస్తీగా మారాయి. తర్వాత ఒక్కో బ్లాకూ కూల్చుకుంటూ వచ్చారు. పాత పట్టణంలో పక్కపక్క వీధుల్లో ఉన్నవాళ్లను విడదీసిందీ ఆ 180వ నంబరు తీర్మానమే. దాన్ని ఏ టన్నుల పట్టికలోనూ వేయలేం. కానీ మోస్ట్ పేరు ఎత్తితే ఇవాళ చెక్ పాఠకుడికి ముందు గుర్తొచ్చే రెండు మాటల్లో ఒకటి చర్చి అయితే రెండోది ఖానొవ్.

గనులు ఆధారమైన పట్టణానికి గనులు తగ్గితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2000ల మొదట్లో మోస్ట్ జిల్లాలో నిరుద్యోగం 20 శాతం దాటింది, దేశంలోనే ఎక్కువ. జనాభా 70 వేల నుంచి 63 వేల దగ్గరికి దిగింది. గుంతలను, మట్టి గుట్టలను ఏదో ఒకదానికి వాడుకోవడంలో మాత్రం ఈ పట్టణం ఆరితేరింది. ఒక పాత గని స్థలంలో 1983 నుంచి కార్ల రేసు ట్రాక్ నడుస్తోంది. ఒక మట్టి గుట్ట మీద 1997లో గుర్రప్పందేల మైదానం తెరిచారు.

పాత మోస్ట్‌ను మింగిన లెజాకి గని 1999లో మూతపడింది. 2008 అక్టోబరులో ఆ గుంతలోకి ఓహ్ర్జె నది నీళ్లు గొట్టాల ద్వారా వదలడం మొదలుపెట్టారు. నిండేసరికి 2014 అయింది. ఇప్పుడది 300 హెక్టార్లు దాటిన సరస్సు. అత్యధిక లోతు 75 మీటర్లు, నీళ్లు దాదాపు 7 కోట్ల ఘనపు మీటర్లు. 2020 సెప్టెంబరులో జనాన్ని రానిచ్చారు. మనం ఇందాక వేసిన లెక్క ప్రకారం, చదరపు మీటరుకు 31 టన్నుల చొప్పున పది కోట్ల టన్నులు రావాలంటే కావాల్సిన నేల 3 చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. సరస్సు విస్తీర్ణమూ ఇంచుమించు అంతే. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోయినా, పోయింది ఎంత మేరో ఊహించుకోవడానికి పనికొస్తుంది.

లెక్క మారిన చోటు మోస్ట్‌కు పక్కనే ఉంది. హోర్నీ యిర్జెతీన్ అనే చిన్న పట్టణం, జనాభా రెండు వేల చిల్లర. చెకొస్లొవాక్ ఆర్మీ పేరు పెట్టిన గని దాని గడప దాకా వచ్చింది. 1991లో అప్పటి చెక్ ప్రభుత్వం 444వ నంబరు తీర్మానంతో మ్యాపు మీద గీతలు గీసి, గనులు వాటిని దాటకూడదంది. ఆ గని విషయంలో గీత అవతల ఉన్న బొగ్గు దాదాపు 75 కోట్ల టన్నులని అంచనా. పాత మోస్ట్ కింద ఉన్నదానికి ఏడెనిమిది రెట్లు. గీత చెరపాలని గనుల కంపెనీలు ఇరవై ఏళ్లకు పైగా ఒత్తిడి తెచ్చాయి. 2005లో ఆ పట్టణంవాళ్లు ఓటింగ్ పెట్టుకుంటే, వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఊరు కదలదని ఓటేశారు. 2015లో ప్రభుత్వం మరో గనికి గీతను కొంత జరిపింది కానీ ఇక్కడ ముట్టుకోలేదు. 2024లో ఆ గనిలో తవ్వకం ఆగిపోయింది.